మోంజాలో ఈ వారాంతం: వేగం సంగతి సరే, చూడవలసింది ఏమిటి?

ఆదివారం ప్రేక్షకుడు (ప్రశ్న)

నమస్కారం. ఫార్ములా వన్‌ను కొన్నేళ్లుగా చూస్తున్నాను కాని, ఆదివారం నాటి రేసుతోనే సరిపెట్టుకుంటూ వచ్చాను. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే విడత) పూర్తిగా కూర్చుని చూసింది లేదు. 2025 సెప్టెంబరు 5 నుంచి 7 వరకు ఇటలీ గ్రాండ్ ప్రీ మోంజాలో జరగబోతోంది కనుక, ఈసారి మూడు రోజులూ చూడాలని నిశ్చయించుకున్నాను.

ఈ మాట చెప్పగానే ఒక మిత్రుడు పెదవి విరిచాడు. మోంజా అంటే నాలుగు పొడవాటి దారులు, వాటి మధ్య మూడు షికేన్లు (వేగం తగ్గించడానికి పెట్టిన మెలిక మలుపులు), అంతకుమించి ఏమీ లేదనీ, ఎవరి ఇంజనుకు బలం ఎక్కువైతే వారే గెలుస్తారనీ, డ్రైవరు పనితనం చూడాలంటే స్పా, సుజుకా వంటి ట్రాకులు చూడాలనీ అతని వాదన. ఆ మాట నిజం కాదని మనసుకు తోస్తోంది కాని, ఎందుకు కాదో చెప్పగలిగే పరిజ్ఞానం నాకు లేదు. పైగా అంత బలం మీదే ఆధారపడిన ట్రాక్ అయితే పోల్ పొజిషన్ (రేసుకు మొదటి స్థానం నుంచి బయలుదేరే హక్కు) సాధించినవారే ప్రతిసారీ గెలవాలి కదా. అలా జరగడం లేదని మాత్రం గమనించాను.

కాబట్టి తెలిసినవారు కాస్త వివరించగలరు. ప్రాక్టీసులో ఏ సంగతులు గమనించాలి? క్వాలిఫయింగ్‌లో కార్లు ఒకదాని వెనుక ఒకటి అంత నెమ్మదిగా తిరగడం ఎందుకు? ఇక ఈ ట్రాక్ చరిత్ర గురించి అందరూ భక్తితో మాట్లాడుతుంటారు. అది కేవలం పాతదైనందుకేనా, లేక నేటి రేసులో కూడా ఆ చరిత్ర కనిపిస్తుందా?

వెనుక వింగ్ (జవాబు)

మీ మిత్రుడు చెప్పినదానిలో సగం నిజమే. ల్యాప్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా దూరం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచే ట్రాక్ ఇది, అందులో సందేహం లేదు. అయితే అందరూ పూర్తిగా తొక్కి ఉంచిన చోట డ్రైవర్ల మధ్య తేడా పుట్టదు. అది పుట్టేదంతా మిగిలిన ఆ కొద్ది దూరంలో, అంటే బ్రేకు తొక్కే చోట్లలోనే. అందుకే నా దృష్టిలో మోంజా బ్రేకుల ట్రాక్. ఇంజను బలం అవసరమే, కాని నేడు జట్ల ఇంజన్ల మధ్య తేడా చాలా తక్కువ. నాలుగు జట్లు ఒకే మెర్సిడెస్ ఇంజను వాడుతుండగా ఈ ఏడాది జరిగిన 15 రేసులలో 12 మెక్‌లారెన్‌కే దక్కాయంటే, ఇంజను ఒక్కటే గెలిపించదని వేరే చెప్పనక్కరలేదు.

శుక్రవారం ముందుగా చూడవలసింది కార్ల వెనుక వింగ్. గత వారం రేసు జరిగిన నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో మలుపులు ఎక్కువ కనుక, వింగ్‌లు నిండుగా, ఏటవాలుగా నిలబెట్టినట్టు ఉండేవి. మోంజాకు వచ్చేసరికి అదే చోట సన్నగా, దాదాపు చదునుగా ఉన్న పలక కనిపిస్తుంది. గాలి అడ్డు తగ్గించడానికి ఏడాది మొత్తంలో ఇంత చిన్న వింగ్ వాడే ట్రాక్ మరొకటి లేదు. కొన్ని జట్లు ఈ ఒక్క రేసు కోసమే ప్రత్యేకంగా వింగ్ తయారు చేయించుకుంటాయి. శుక్రవారం ఒకే జట్టుకు చెందిన రెండు కార్లు రెండు రకాల వింగ్‌లతో తిరగడం కనిపిస్తే ఆశ్చర్యపడకండి. చిన్న వింగ్‌తో ముఖ్య దారిలో దొరికే లాభం ఎంత, దానికి బదులుగా మలుపులలో పోయే కాలం ఎంత అన్న లెక్కను వారు కొలుచుకుంటూ ఉంటారు.

ఆ లెక్క చూసినంత తేలిక కాదు. వింగ్ చిన్నదైతే కారును నేలకు అదిమిపెట్టే బలం తగ్గుతుంది, బ్రేకు తొక్కినప్పుడు వెనుక భాగం అదుపు తప్పడానికి సిద్ధంగా ఉంటుంది, టైర్లు జారుతాయి, జారిన టైరు వేడెక్కి త్వరగా అరుగుతుంది. ఒక్క ల్యాప్‌లో బంగారంలా కనిపించిన అమరిక 20 ల్యాప్‌ల తరువాత డ్రైవరుకు తలనొప్పిగా మారవచ్చు. పైగా వింగ్ ఇంత చిన్నదైనప్పుడు డీఆర్‌ఎస్ (ముందు కారును దాటడానికి వీలుగా వెనుక వింగ్‌లో తెరుచుకునే పలక) తెరిచినా తగ్గే గాలి అడ్డు కూడా తక్కువే. ముఖ్య దారిలోనూ, లెస్మో మలుపుల తరువాతా రెండు చోట్ల డీఆర్‌ఎస్ ఉన్నప్పటికీ, ఒకరి వెనుక ఒకరు వరుసగా ఇరుక్కుపోయిన రేసులు మోంజాలో తక్కువేమీ కావు.

ఇక బ్రేకుల విషయం. ముఖ్య దారి చివర రెట్టిఫిలో షికేన్ వద్దకు కార్లు గంటకు సుమారు 350 కిలోమీటర్ల వేగంతో వచ్చి, 80 దరిదాపులకు దిగాలి. అంత పొడవైన దారిలో బ్రేకు డిస్కులకు పని ఉండదు కనుక అవి చల్లబడతాయి. ఆ చల్లబడ్డ డిస్కుల మీద ఒక్కసారిగా పూర్తి బలంతో తొక్కాలి. మొదటి క్షణంలో వేగం ఎక్కువ కాబట్టి గాలి కారును నేలకు అదుముతుంది, అప్పుడు ఎంత గట్టిగా తొక్కినా చక్రం నిలిచిపోదు. వేగం తగ్గేకొద్దీ ఆ అదుము కూడా తగ్గుతుంది; దానికి తగినట్టు పాదం ఒత్తిడిని వెంటవెంటనే సడలించుకుంటూ రావాలి. ఆ సడలింపు రవంత ఆలస్యమైతే ముందు చక్రం తిరగడం ఆగిపోయి టైరు నుంచి తెల్లటి పొగ లేస్తుంది, కారు నేరుగా తప్పించుకునే దారిలోకి వెళ్లిపోతుంది. శుక్రవారం మొదటి గంటలో కెమెరా ఆ షికేన్ మీద ఉన్నప్పుడు ఎవరెవరి ముందు చక్రాలు పొగ కక్కుతున్నాయో చూడండి. టైమింగ్ పట్టిక కన్నా ముందే ఆ కారు పరిస్థితి మీకు తెలిసిపోతుంది.

మరొక చోటు అస్కారీ. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. మూడూ కలిపి ఒకే కదలికగా సాగిపోవాలి. మొదటి ఎడమ మలుపులో అత్యాశకు పోయినవారు మూడవదాని నుంచి బయటపడేటప్పుడు మూల్యం చెల్లిస్తారు, అక్కడ కోల్పోయిన వేగం చివరి మలుపు దాకా వెంటాడుతుంది. ఆ చివరి మలుపును అందరూ పారబోలికా అనే పిలుస్తున్నా, 2021 నుంచి దాని అధికారిక నామం మికేలే అల్బొరేతో పేరు మీద ఉంది. గత ఏడాది ప్రాక్టీసులో, గ్రాండ్ ప్రీ వారాంతంలో తొలిసారి కారెక్కిన 18 ఏళ్ల కిమి ఆంటొనెల్లి కొద్ది నిమిషాలకే గోడను ఢీకొన్నది అక్కడే. ఆ మరునాడే మెర్సిడెస్ అతనిని 2025కు డ్రైవరుగా ప్రకటించింది. ఈసారి సొంత దేశంలో అతను ఆ మలుపును ఎలా తీసుకుంటాడో చూడాలన్న ఆసక్తి నాకు ప్రత్యేకంగా ఉంది.

పోల్ లెక్క (జవాబు)

క్వాలిఫయింగ్ గురించి నేను చెబుతాను. కార్లు నెమ్మదిగా తిరగడానికి కారణం స్లిప్‌స్ట్రీమ్, మన వ్యాఖ్యాతలు టో అంటుంటారు. ముందు వెళ్లే కారు గాలిని చీల్చుకుంటూ పోతే వెనుక వచ్చే కారుకు అడ్డు తగ్గి, పొడవైన దారిలో వేగం పెరుగుతుంది. మిగతా ట్రాకులలో ముందు కారుకు దగ్గరగా వెళితే మలుపుల్లో జరిగే నష్టం ఈ లాభాన్ని మింగేస్తుంది. మోంజాలో మలుపులు కొద్దిగానే ఉన్నాయి కనుక, సరైన దూరంలో వెంబడించగలిగితే లాభమే మిగులుతుంది. పోల్ తేడాలు తరచు సెకనులో పదో వంతుకన్నా తక్కువగా ఉండే చోట ఈ లాభం చిన్నదేమీ కాదు. అందుకే ముందు వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు, ప్రతివారూ ఎదుటివారు కదిలితే చాలునని చూస్తుంటారు.

ఈ దాగుడుమూతలు 2019లో నవ్వులపాలయ్యాయి. చివరి విడతలో ఆఖరి ప్రయత్నానికి బయలుదేరిన కార్లన్నీ ఒకరినొకరు ముందుకు పొమ్మంటూ పక్కపక్కన నత్తనడకన సాగి, చాలామంది గడువు ముగిసేలోగా గీత దాటలేకపోయారు. ఆ వేగం తేడాలు ప్రమాదకరం కూడా కనుక, పిట్ (టైర్లు మార్చడానికి కార్లు ఆగే చోటు) నుంచి బయటకు వచ్చాక ల్యాప్ పూర్తి చేయడానికి గరిష్ఠ కాలపరిమితిని తరువాతి ఏళ్లలో విధించారు. అయినా శనివారం చివరి మూడు నిమిషాలు ఎవరు ఎవరి వెనుక బయలుదేరుతున్నారో గమనించండి. ఒక జట్టు తన రెండు కార్లలో ఒకదానిని రెండవదానికి టో ఇవ్వడానికి పంపిందంటే, ఆ జట్టు ఎవరి మీద ఆశ పెట్టుకుందో చెప్పకనే చెప్పినట్టు.

పోల్ సాధించినవారు గెలవడం లేదన్న మీ పరిశీలన చాలా సరైనది. 2020 నుంచి 2024 వరకు వరుసగా ఐదేళ్లు మోంజాలో మొదటి స్థానం నుంచి బయలుదేరినవారు ఎవరూ గెలవలేదు. అయితే ఐదింటికీ కారణం ఒకటి కాదు. 2020లో హామిల్టన్ మూసి ఉన్న పిట్ లేన్‌లోకి ప్రవేశించి శిక్ష పొందాడు, ఎవరూ ఊహించని గాస్లీ గెలిచాడు. 2021లో వెర్‌స్టాపెన్, హామిల్టన్ మొదటి షికేన్‌లోనే ఢీకొని ఇద్దరూ ఇసుకలో మిగిలారు. వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ తల మీదికి ఎక్కగా హాలో (డ్రైవరు తల చుట్టూ ఉండే రక్షణ కమ్మీ) కాపాడింది, గెలుపు రికార్డోకు దక్కింది. 2022, 2023 సంవత్సరాలలో ఫెరారీ డ్రైవర్లు పోల్ సాధించినా, రేసు దూరంలో వెర్‌స్టాపెన్ కారుకు వారు సాటి రాలేదు. 2024 కథను టైర్ల సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది. పోల్ స్థానం నుంచి మొదటి బ్రేకు వరకు ఉన్న దూరం ఎక్కువ, ఆ దూరమంతా వెనుకవారికి టో దొరుకుతుంది, మొదటి మలుపు చూస్తే ఇరుకు. నేను ఆ స్థానంలో ఉంటే మొదటి పది సెకన్లు ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.

ఒక్క ల్యాప్ వేగం విషయానికి వస్తే, ఈ వారాంతానికి ముందు వరకు ఫార్ములా వన్ చరిత్రలో అత్యధిక సగటు వేగం ఇక్కడిదే: 2020 క్వాలిఫయింగ్‌లో హామిల్టన్ 1 నిమిషం 18.887 సెకన్లలో, గంటకు 264.362 కిలోమీటర్ల సగటుతో ల్యాప్ పూర్తి చేశాడు. శనివారం వాతావరణం అనుకూలిస్తే ఈ అంకె మారే అవకాశం బలంగా ఉందని నా అంచనా.

రెండో స్టాప్ (జవాబు)

2024 సంగతి నేను పూర్తి చేస్తాను, ఎందుకంటే ఈ ఆదివారం ఏం జరగబోతోందో ఊహించడానికి దానికన్నా మంచి ఆధారం లేదు.

గత ఏడాది ట్రాక్ మొత్తానికి కొత్త తారు వేశారు. కొత్త తారు మీద ముందు టైర్ల పైపొర చిన్న చిన్న ఉండలుగా లేచి పట్టు తగ్గిపోవడం, అంటే గ్రెయినింగ్, శుక్రవారం నుంచే కనిపించింది. దానిని చూసి రెండుసార్లు టైర్లు మార్చక తప్పదని చాలా జట్లు తీర్మానించుకున్నాయి. మెక్‌లారెన్ డ్రైవరు నోరిస్ పోల్ నుంచి బయలుదేరినా, మొదటి ల్యాప్‌లోనే రోజా షికేన్ వద్ద సొంత జట్టు సహచరుడు పియాస్ట్రి అతనిని దాటేశాడు, ఆ సందులో ఫెరారీ డ్రైవరు లెక్లెర్ కూడా ముందుకు వచ్చాడు. లెక్లెర్ 15వ ల్యాప్‌లో హార్డ్ టైర్లకు మారి, ఇక పిట్‌కు రాకుండా మిగిలిన 38 ల్యాప్‌లూ వాటితోనే లాగించాడు. రెండవసారి ఆగిన పియాస్ట్రి తాజా టైర్లతో ల్యాప్ ల్యాప్‌కూ దూరాన్ని కొరుక్కుంటూ వచ్చాడు కాని, గీత దాటేసరికి ఇంకా 2.664 సెకన్లు మిగిలే ఉన్నాయి. మెక్‌లారెన్ కారు ఆ రోజు వేగవంతమైనదే. టైర్లను కాపాడుకోవడంలో లెక్లెర్ చూపిన ఓపిక ముందు అది చాలలేదు.

ఇక్కడ పిట్ స్టాప్ ఎందుకంత ఖరీదైనదో గమనించాలి. పిట్ లేన్‌లో వేగం గంటకు 80 కిలోమీటర్లు మించరాదు; పక్కనే ముఖ్య దారిలో ప్రత్యర్థులు 300కు పైబడి దూసుకుపోతుంటారు. కనుక ఒక్కసారి ఆగితే పోయే కాలం 20 సెకన్లకు పైమాటే. ఈసారి కూడా టైర్లు సరఫరా చేసే పిరెల్లి తన శ్రేణిలోని సీ3, సీ4, సీ5 రకాలనే తెస్తోంది. తారుకు ఏడాది వయసు వచ్చింది కాబట్టి గ్రెయినింగ్ గత ఏడాది కంటే తగ్గుతుందనీ, దాదాపు అందరూ ఒక్క స్టాప్‌తోనే ముగిస్తారనీ నా అంచనా. శుక్రవారం రెండవ ప్రాక్టీసు చివరి అరగంటలో జట్లు ఎక్కువ ఇంధనంతో వరుసగా ల్యాప్‌లు చేస్తాయి. ఆ సమయంలో ఎడమ ముందు టైరును దగ్గరగా చూపించినప్పుడు దాని ఉపరితలం నున్నగా ఉందా, గరుకుగా ఉండలు కట్టిందా చూడండి. గరుకుగా ఉంటే ఆదివారం రసవత్తరంగా ఉంటుంది. నున్నగా ఉంటే గెలుపును నిర్ణయించేవి క్వాలిఫయింగ్, మొదటి షికేన్, ఒక సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగినప్పుడు ముందు నడిచి అందరి వేగం తగ్గించే కారు), అంతే.

ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకు, అంకెలు మెక్‌లారెన్ వైపే ఉన్నాయి. జాండ్‌వోర్ట్‌లో గెలిచిన పియాస్ట్రి 309 పాయింట్లతో ముందున్నాడు. అదే రేసులో కారు మొరాయించి ఆగిపోయిన నోరిస్ 275 వద్ద ఉండిపోయాడు. 34 పాయింట్ల వెనుకబాటుతో వచ్చిన నోరిస్ ఇక జాగ్రత్తగా ఆడే స్థితిలో లేడు, ఆ ఇద్దరూ మొదటి వరుసలో పక్కపక్కన నిలిస్తే రోజా వద్ద ఏం జరుగుతుందో గత ఏడాదే చూశాం. అయితే మెక్‌లారెన్ అసలు బలం పొడవాటి మలుపులలో టైర్లను చల్లగా ఉంచుకోవడం. అటువంటి మలుపులు ఇక్కడ చాలా తక్కువ. కాబట్టి ఈ ట్రాక్ మీద వారి ఆధిక్యం సన్నబడుతుంది. 2024లో ఇక్కడ ఆరవ స్థానంతో తల పట్టుకున్న వెర్‌స్టాపెన్, చిన్న వింగ్‌తో కారు కుదురుకుంటే మాత్రం పోల్‌కు గట్టి పోటీదారు అవుతాడని నేను నమ్ముతున్నాను.

పాత వంపు (జవాబు)

చరిత్ర గురించి ఎవరూ ఎత్తుకోలేదు కనుక ఆ భాగం నాది.

మోంజా 1922లో, మిలాన్ నగరానికి సమీపంలో ఉన్న రాజోద్యానంలో కట్టిన ట్రాక్. ప్రత్యేకించి రేసుల కోసమే నిర్మించిన వాటిలో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్, అమెరికాలోని ఇండియానాపోలిస్ తరువాత మూడవది. చెట్లు కొట్టివేయవలసి వస్తుందన్న అభ్యంతరాల వల్ల మొదట పని ఆగిపోయి, మే నెలలో తిరిగి మొదలై, సుమారు 3,500 మంది కూలీల శ్రమతో 110 రోజులలో పూర్తయింది. నూరేళ్ల కిందటి ఆ చెట్ల వివాదం నేటికీ తీరలేదనే చెప్పాలి. చుట్టూ రక్షిత ఉద్యానం ఉండడం వల్ల ట్రాక్‌ను ఇష్టం వచ్చినట్టు వెడల్పు చేయడానికి వీలులేదు. ట్రాక్ రూపురేఖలు ఇంతగా నిలిచిపోవడానికి నిర్వాహకుల చరిత్రాభిమానం ఒక కారణమైతే, ఆ చెట్లు రెండవ కారణం. 1950లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైనప్పటి నుంచి 1980 మినహా ప్రతి ఏడాదీ ఇక్కడ రేసు జరిగింది. ఆ ఒక్క ఏడాది ఇమోలా ఆతిథ్యం ఇచ్చింది.

అసలు ట్రాక్ 10 కిలోమీటర్లు. సాధారణ రోడ్డు ట్రాక్, దానితో పాటు గిన్నె అంచులా పైకి లేచిన వంపులున్న వేగపు వలయం, రెండూ కలిపి ఒక ల్యాప్. 1933లో ఒకే రోజున ఆ వంపుల మీద కాంపారీ, బోర్జాకీనీ, చైకోవ్‌స్కీ అనే ముగ్గురు డ్రైవర్లు ప్రాణాలు కోల్పోయారు. పాత వంపులను కూల్చివేసి, 1955లో కాంక్రీటుతో మరింత నిటారుగా మళ్లీ కట్టారు. ఆ కాంక్రీటు ఎంత ఎగుడుదిగుడుగా ఉండేదంటే, 1960లో బ్రిటిష్ జట్లు ప్రమాదమని రేసునే బహిష్కరించాయి. 1961 తరువాత ఫార్ములా వన్ రేసు ఆ వంపుల మీద జరగలేదు. ఆ ఏడాది వోల్ఫ్‌గాంగ్ వాన్ ట్రిప్స్‌తో పాటు 15 మంది ప్రేక్షకులు మరణించిన ప్రమాదానికి వంపులే కారణమని చాలామంది రాస్తుంటారు కాని, అది నిజానికి పారబోలికాకు చేరుకునే దారిలో జిమ్ క్లార్క్ కారును తాకడం వల్ల జరిగింది. వంపులు ఇప్పటికీ చెట్ల మధ్య నిలిచే ఉన్నాయి. లెస్మో దాటి అస్కారీ వైపు సాగే దారిలో కార్లు ఒక వంతెన కిందుగా వెళతాయి. తలపైనున్నది ఆ పాత వలయమే.

నేటి రేసులో చరిత్ర కనిపిస్తుందా అన్నారు. ఒక్క సంఘటన చాలు. 1971లో షికేన్లు లేవు. ఐదుగురు డ్రైవర్లు ఒకరి టో ఒకరు అందుకుంటూ చివరి మలుపు నుంచి గుంపుగా వచ్చి, అందరూ 0.61 సెకన్లలో గీత దాటారు. పీటర్ గెథిన్ సెకనులో నూరో వంతు తేడాతో రోనీ పీటర్సన్‌ను ఓడించాడు, అతని జీవితంలో గెలిచిన ఒకే ఒక్క గ్రాండ్ ప్రీ అది. గంటకు 242.615 కిలోమీటర్ల ఆ రేసు సగటును దాటడానికి 2003 వరకు, అంటే షూమాకర్ 247.585తో గెలిచేవరకు ఆగవలసి వచ్చింది. 1972లోనే షికేన్లు వచ్చాయి, అసలైన మోంజా అక్కడితో ముగిసిపోయిందన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇప్పుడున్నది ఆగి ఆగి పరుగెత్తే ట్రాక్.

వెనుక వింగ్ (జవాబు)

పాత వంపు గారూ, మీ చరిత్ర జ్ఞానానికి నమస్కారం పెడుతూనే, చివరి మాటతో విభేదిస్తాను. షికేన్లు లేని మోంజాలో నేటి కార్లను వదిలితే కర్వా గ్రాందె, వియలోనె వంటి మలుపుల వద్ద అవి ఎంత వేగంతో వెళతాయో ఊహించండి. వియలోనె వద్దే కదా 1955లో ఆల్బెర్తో అస్కారీ ప్రాణాలు కోల్పోయింది. ఇప్పటి షికేన్‌కు అతని పేరు పెట్టింది కూడా అందుకే. భద్రత సంగతి పక్కన పెట్టినా, నేడు ఒకరినొకరు దాటుకోవడమంతా ఆ షికేన్ల ముందున్న బ్రేకింగ్‌లోనే జరుగుతోంది. అవి తీసేస్తే 1971 తిరిగి రాదు. ఆనాటి కార్లకు వింగ్‌లు చిన్నవి, అందువల్ల ఒకరి వెనుక ఒకరు మలుపులోనూ అంటిపెట్టుకుని వెళ్లగలిగారు. ఇప్పటి కార్లు పారబోలికాలో ముందువారికి దగ్గరైతే ముందు చక్రాల పట్టు పోతుంది, మొదటి షికేన్ వద్ద దాడి చేయవలసినవాడు అర సెకను దూరంలో ఉండిపోతాడు.

పాత వంపు (జవాబు)

పారబోలికా విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయినా రెట్టిఫిలో షికేన్‌ను మాత్రం నేను క్షమించలేను. అంత పొడవైన దారి చివర ఇద్దరు పక్కపక్కన పట్టని మలుపు పెట్టడం ప్రమాదాలను పిలిచినట్టే. రోజా షికేన్ ఎంతో నయం.

ఆదివారం ప్రేక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. మా మిత్రుడికి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాలనుంది. మరి రెండు చిన్న సందేహాలు. ఫెరారీ ఎరుపు రంగులో హామిల్టన్ మోంజాలో దిగడం ఇదే మొదటిసారి కదా, అతనికి గాని లెక్లెర్‌కు గాని నిజంగా అవకాశం ఉందా, లేక ఇది అభిమానుల ఆశ మాత్రమేనా? రెండవది, మూడు రోజులూ పూర్తిగా చూడడం కుదరకపోతే దేనిని వదులుకోవచ్చు?

రెండో స్టాప్ (జవాబు)

హామిల్టన్ విషయంలో ఆశలు తగ్గించుకోవడం మంచిది. జాండ్‌వోర్ట్‌లో రేసుకు ముందు గ్రిడ్ వైపు వెళుతూ పసుపు జెండాల వద్ద తగినంతగా వేగం తగ్గించలేదని అతనికి ఐదు స్థానాల శిక్ష పడింది, దానిని ఇక్కడ అనుభవించాలి. మోంజాలో ఐదుసార్లు గెలిచిన డ్రైవరుకు టో ఎలా వాడుకోవాలో ఎవరూ నేర్పనక్కరలేదు కాని, మధ్య వరుసల నుంచి మొదటి షికేన్‌లోకి వెళ్లడమంటే సగం అదృష్టం మీదే. లెక్లెర్ సంగతి వేరు. జాండ్‌వోర్ట్‌లో ఫెరారీ కార్లు రెండూ రేసు పూర్తి చేయలేదు, ఈ ఏడాది ఆ జట్టు ఇంతవరకు ఒక్క గ్రాండ్ ప్రీ కూడా గెలవలేదు. అయినా చిన్న వింగ్‌తో ఆ కారు బాగానే పరుగెడుతుంది, ఒక్క ల్యాప్‌లో లెక్లెర్‌ను తీసిపారేయడానికి లేదు. మొదటి మూడు స్థానాలలో ఉంటాడని అనుకుంటాను, గెలుస్తాడని పందెం కాయను. అన్నట్టు ఈసారి ఫెరారీ కార్ల రంగులను ప్రత్యేకంగా చూడండి; నికీ లాడా 1975లో ఇదే ట్రాక్ మీద మొదటి ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకుని 50 ఏళ్లయిన సందర్భంగా నాటి కారును తలపించే రంగులు వేస్తున్నారు.

పోల్ లెక్క (జవాబు)

వదులుకోవలసి వస్తే శనివారం మూడవ ప్రాక్టీసును వదులుకోండి. శుక్రవారం రెండవ ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగ్ మాత్రం తప్పకుండా చూడండి. వీలైతే వాటికి తోడు ఫార్ములా 3 (ఫార్ములా వన్‌కు కింది స్థాయి పోటీ) రేసు ఒకటి కలుపుకోండి. ఆ తరగతికి ఈ ఏడాది ఇదే చివరి వారాంతం, టైటిల్ ఇప్పటికే హంగరీలో రఫాయెల్ కామారాకు దక్కింది కనుక మిగిలినవారు లెక్కలు వేసుకుంటూ వెనకాడరు. ఆ కార్లన్నీ ఒకే తయారీవి, ఇంజను బలంలో తేడా లేదు. అయినా ముఖ్య దారిలో నలుగురైదుగురు పక్కపక్కన చేరి, ప్రతి ల్యాప్‌కూ ముందున్నవారు మారిపోతూ ఉంటారు. మీ మిత్రుడిని పిలిచి ఆ రేసు చూపించండి, తన వాదనకు అతనే సమాధానం చెప్పుకుంటాడు.